వైఫై నీడకు తలవాల్చే తొమ్మిది ఆకులు: మీరే తయారు చేసుకునే విధానం

గది ఒక చివర చిన్న ట్రాన్స్‌మిటర్. ఎదురుగా విల్లు ఆకారంలో తొమ్మిది సన్నని కాడలు, ఒక్కో కాడ కొసన వెలుగుతున్న ఒక ఆకు. మీరు మధ్యలోంచి నడుస్తారు. మీ వెనకున్న ఆకు మసకబారి తల వాలుస్తుంది. మీరు ఒక అడుగు పక్కకు వేస్తే పక్క ఆకు వాలుతుంది, మొదటిది మెల్లగా లేస్తుంది. అలా వాలేది వైఫై సిగ్నల్‌లో పడిన మీ నీడ. దీపం ముందు నిలబడితే గోడ మీద పడే నీడలాంటిదే. కాకపోతే ఆ వెలుగు మన కంటికి ఆనదు.

ఈ అమరికను ఎలా కట్టాలో ఇక్కడ మొదటి నుంచి చెబుతాను. టంకం పెట్టడం, ఒక బోర్డులోకి ప్రోగ్రాం ఎక్కించడం తెలిస్తే చాలు. రేడియో ఇంజనీరింగ్ చదివి ఉండనక్కరలేదు. ఒక్కటి మాత్రం ముందే అడుగుతున్నాను. ఆకు కదిలితే అది సిగ్నల్ మారినందుకే కదలాలి. అందంగా ఉందని ఎక్కడా కల్పిత కదలిక కలపకండి. ఇలాంటి అమరికలు కట్టేవారిలో చాలామంది తడబడేది ఇక్కడే. నేనూ తడబడ్డాను. ఆ సంగతి కాడలు కట్టే చోట చెబుతాను.

ముందు ఒకే ఒక్క బోర్డుతో

తొమ్మిదింటికీ సామాను కొనకముందు వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డులు, ఈఎస్‌పీ32 అనేవి, రెండు తెచ్చుకోండి. ఒకటి పంపేది (ఇదే ట్రాన్స్‌మిటర్), ఇంకొకటి వినేది. రెండింటినీ వైఫైలో ఒకే ఛానల్‌కు కట్టేయండి. పంపే బోర్డు, రౌటర్ లేకుండా బోర్డులు నేరుగా మాట్లాడుకునే ఈఎస్‌పీ నౌ పద్ధతిలో, సెకనుకు 40 చిన్న ప్యాకెట్లు (చిట్టి సందేశాలు) అందరికీ వినిపించేలా పంపుతూ ఉండాలి. ప్రతి ప్యాకెట్‌లో ఒక వరుస సంఖ్య పెట్టండి, ఎన్ని దారిలో పోయాయో దాన్నిబట్టి తెలుస్తుంది. వినే బోర్డు ప్రతి ప్యాకెట్‌తోపాటు దాని బలాన్ని కూడా చెబుతుంది. ఆ అంకె డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చి చెప్పే డెసిబెల్) అనే కొలతలో, రుణ సంఖ్యగా వస్తుంది. మైనస్ 30 అంటే చాలా బలమైన సిగ్నల్, మైనస్ 90 అంటే కొన ఊపిరితో ఉన్న సిగ్నల్.

డెసిబెల్ లెక్క ఒంటపట్టించుకోండి, ముందుముందు అడుగడుగునా కావాలి. 3 డెసిబెల్‌లు తగ్గితే శక్తి సగమైనట్టు. 10 తగ్గితే పదో వంతు అయినట్టు. అడ్డంకి లేని చోట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్‌లు పోతాయి.

ఇప్పుడు వినే బోర్డును కంప్యూటర్‌కు తగిలించి, అంకెలు తెర మీద పారుతుండగా బోర్డును చేత్తో పట్టుకుని మెల్లగా జరపండి. గోడకు దగ్గరగా, గోడవైపు, ఒక్కో సెంటీమీటరు చొప్పున. మైనస్ 52 దగ్గర ఉన్న అంకె 3 సెంటీమీటర్లు జరిపేసరికి మైనస్ 60 కిందకు జారిపోవచ్చు. మరో 3 సెంటీమీటర్లు జరిపితే మళ్ళీ పైకి వస్తుంది. బోర్డు చెడిపోయిందేమోనని మొదటిసారి చూసినవారికి అనుమానం వస్తుంది. చెడిపోలేదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగం పొడవు దాదాపు 12 సెంటీమీటర్లు. నేరుగా వచ్చే తరంగం, గోడకు తగిలి వెనక్కి వచ్చే తరంగం కలిసి, ఒకచోట ఒకదానికొకటి బలమిచ్చుకుంటాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బలమైన చోటుకీ బలహీనమైన చోటుకీ మధ్య దూరం తరంగం పొడవులో పావు వంతు, అంటే 3 సెంటీమీటర్లు.

భౌతిక శాస్త్రవేత్త హైన్రిఖ్ హెర్ట్జ్ 1888లో జర్మనీలోని కార్ల్స్‌రూయెలో చేసిన పని ఇదే. చీకటి గదిలో గోడకు జింకు రేకు బిగించి, చిన్న సందు వదిలిన తీగ వలయాన్ని చేత్తో పట్టుకుని తిరిగాడు. ఒకచోట ఆ సందులో నిప్పురవ్వ మెరిసేది, కొంత దూరం జరిగితే ఆరిపోయేది. రేడియో తరంగాన్ని మనిషి కంటితో చూసిన మొదటి రోజుల్లో అది ఒక చిన్న మెరుపు, అంతే. మీ చేతిలో బోర్డు పట్టుకుని అంకెలు పడిలేవడం చూసినప్పుడు ఆ గదిలో నిలబడినట్టే ఉంటుంది. ఈ పని దాటవేయకండి. గంటసేపు ఇలా గదంతా తిరిగితే సిగ్నల్ ఎలా ఉంటుందో చేతికి తెలుస్తుంది. పుస్తకం చదివితే అంతగా తెలియదు.

తర్వాత వినే బోర్డును ఒక పెట్టె మీద పెట్టి కదలకుండా వదిలేయండి. పంపే బోర్డుకూ దానికీ మధ్య మీరు అడ్డంగా నడవండి. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఈ తరంగాలను శరీరం బాగానే పీల్చుకుంటుంది. అంకె సాధారణంగా 5 నుంచి 15 డెసిబెల్‌ల దాకా పడుతుంది. పూర్తిగా మాయం కాదు, ఎందుకంటే తరంగం మీ చుట్టూ వంగి కొంత, గోడలకు తగిలి కొంత వస్తూనే ఉంటుంది. ఒక్కోచోట మీరు నిలబడితే సిగ్నల్ పెరుగుతుంది కూడా, మీ శరీరమే అద్దంలా పనిచేస్తుంది. దీన్ని గుర్తుంచుకోండి, ఆకు కదలికలో దీనికి చోటివ్వాలి.

ఈ రూపమే ఎందుకు

కనిపించని సిగ్నల్‌ను వెలుగులోకి తెచ్చినవారు చాలామందే ఉన్నారు. 2004లో రిచర్డ్ బాక్స్ అనే కళాకారుడు ఇంగ్లండులో హై టెన్షన్ తీగల కింద పొలంలో 1301 ట్యూబులైట్లు నిలబెట్టాడు. ఏ వైరూ తగిలించలేదు, తీగల చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రానికే అవి వెలిగాయి. 2011లో ఓస్లోలో ముగ్గురు డిజైనర్లు 4 మీటర్ల కర్రకు 80 దీపాలు అమర్చి, వైఫై బలాన్నిబట్టి ఎన్ని వెలగాలో నిర్ణయించి, రాత్రి వీధుల్లో నడుస్తూ ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చి ఫొటోలు తీశారు. వీధి వెంట సిగ్నల్ కొండలూ లోయలూ ఆ ఫొటోల్లో కనిపిస్తాయి. ఆ పని అంటే నాకు ఎంతో ఇష్టం. అయితే ఆ బొమ్మ కెమెరాలో మాత్రమే పూర్తవుతుంది. అక్కడ నిలబడినవారికి కనిపించేది ఒక వెలిగే కర్ర.

మనం కట్టేది మనిషి ఎదుటే, ఆ క్షణంలోనే అర్థం కావాలి. అందుకే వెలుగుకు తోడు కదలిక. వెలుగు ఒక్కటే తగ్గితే కన్ను త్వరగా అలవాటు పడిపోయి పట్టించుకోదు. ఆకు వాలితే ఓరచూపులో కూడా తెలుస్తుంది. వాడిన మొక్క ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పనక్కరలేదు కాబట్టి వివరణ బోర్డు అవసరం కూడా పెద్దగా ఉండదు.

ఒక్కో కాడకు కావలసినవి

120 సెంటీమీటర్ల పీవీసీ గొట్టం, బరువైన చెక్క పీట, ఒక ఈఎస్‌పీ32, చెప్పిన కోణానికి తిరిగి నిలిచే, లోహపు పళ్ళున్న ఎంజీ90ఎస్ సర్వో మోటారు, మీటరుకు 30 దీపాలుండే డబ్ల్యూఎస్2812బీ ఎల్‌ఈడీ పట్టీ 30 సెంటీమీటర్లు, ఆకుకు ట్రేసింగ్ కాగితం లేదా పాలరంగు ప్లాస్టిక్ షీటు, ఆకు ఈనెకు వెదురు పుల్ల. దీపాల డేటా తీగకు ఒక 74ఏహెచ్‌సీటీ125 చిప్, 330 ఓముల రెసిస్టరు. దీపాల కరెంటు తీగలు రెండింటి మధ్య 1000 మైక్రోఫారాడ్ కెపాసిటరు.

గొట్టం లోహానిది వద్దు. ఇనుప గొట్టం, అల్యూమినియం గొట్టం చూడటానికి బాగుంటాయి, కానీ అవి తరంగాన్ని వెనక్కి కొడతాయి, పక్క కాడల కొలతను కూడా పాడుచేస్తాయి. ప్లాస్టిక్ నచ్చకపోతే వెదురు వాడండి, బాగా ఎండినదై ఉండాలి.

74ఏహెచ్‌సీటీ125 ఎందుకంటే, ఈఎస్‌పీ32 ఇచ్చే డేటా 3.3 వోల్టులు. 5 వోల్టుల మీద నడిచే ఈ దీపాలు తమ సప్లైలో 70 శాతం, అంటే 3.5 వోల్టులు ఉంటేనే దాన్ని నమ్మకంగా గుర్తిస్తాయి. చిప్ ఆ డేటాను 5 వోల్టులకు పెంచుతుంది. అది లేకుండా కూడా బల్ల మీద పనిచేస్తుంది. ప్రదర్శన రోజున తీగ పొడవు పెరిగేసరికి పిచ్చి రంగులు మొదలవుతాయి. సర్వోకు మాత్రం 3.3 వోల్టుల సంకేతం సాధారణంగా సరిపోతుంది.

ఆకు, కాడ

ఆకును 30 సెంటీమీటర్ల పొడవు, మధ్యలో 9 సెంటీమీటర్ల వెడల్పు ఉండేలా కత్తిరించండి. వెదురు పుల్లను ఈనెలా మధ్యలో అంటించి, దాని వెంట ఎల్‌ఈడీ పట్టీ పెట్టి, పైన ఇంకో పొర కాగితం కప్పండి. దీపాలకూ పై కాగితానికీ మధ్య ఒక సెంటీమీటరైనా ఖాళీ ఉండాలి. లేకపోతే తొమ్మిది చుక్కలు కనిపిస్తాయి, ఆకు కనిపించదు. ఖాళీ కోసం నేను రెండు వైపులా సన్నని నురుగు షీటు ముక్కలు అంటిస్తాను.

మొత్తం బరువు 30 గ్రాములు దాటనివ్వకండి. ఆకు అడ్డంగా ఉన్నప్పుడు దాని బరువు ఇరుసుకు 15 సెంటీమీటర్ల దూరంలో లాగుతున్నట్టు లెక్క, అంటే 0.45 కిలోగ్రామ్-సెంటీమీటరు. ఈ సర్వోల సామర్థ్యం 1.8కి అటూఇటూ. నాలుగో వంతు బరువు మోస్తే మోటారు మూలగదు, పళ్ళు అరగవు. ఆకును తిన్నగా సర్వో చేతికే బిగించవచ్చు.

ఆకులోకి వెళ్ళే మూడు తీగలు రోజుకు వేలసార్లు వంగుతాయి. సిలికాన్ తొడుగున్న మెత్తని, పలు పోగుల తీగ వాడండి. ఇరుసు దగ్గర ఒక చుట్టు వదులుగా వదిలి, టంకం పెట్టిన చోటికి వంపు రాకుండా జిగురుతో పట్టించండి. ప్రదర్శన మధ్యలో ఆరిపోయే ఆకుల్లో చాలావరకు ఇక్కడే తెగుతాయి.

ఇక బోర్డు ఎక్కడ బిగించాలి? మొదటిసారి నేను దాన్ని కాడ పైకొసన, సర్వో పక్కనే పెట్టాను. తీగలు పొట్టిగా ఉంటాయి, పని సులువు. సాయంత్రం అన్నీ కలిపి, గది ఖాళీ చేసి తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆకులు మెల్లగా ఊగుతున్నాయి, ఊపిరి తీస్తున్నట్టు. చూసినవారంతా బాగుందన్నారు. నాకూ కన్ను తిప్పుకోబుద్ధి కాలేదు. కానీ గదిలో ఎవరూ లేరు, ఏదీ కదలడం లేదు. మరి ఆకులు దేనికి ఊగుతున్నాయి? రాత్రి ఒక ఆకును పుల్లతో ఒకేచోట పట్టి ఉంచాను. అంకె నిలిచిపోయింది. వదిలాను, మళ్ళీ ఊగింది. ఆకులో ఉన్న ఎల్‌ఈడీ పట్టీలో రాగి ఉంటుంది. ఆకు కదిలితే ఆ రాగి యాంటెన్నా ముందు కదులుతోంది, దాంతో సిగ్నల్ మారుతోంది, సిగ్నల్ మారింది కాబట్టి ఆకు మళ్ళీ కదులుతోంది. నేను అంతగా మురిసిపోయిన ఆ ఊపిరి ఆకు తన రాగిని తానే చూసుకుంటున్న కదలిక. గదిలోని సిగ్నల్‌కూ దానికీ సంబంధం లేదు.

అందుకని బోర్డును ఇరుసుకు కనీసం 35 సెంటీమీటర్లు కిందకు దించండి. యాంటెన్నా ఉన్న అంచు ట్రాన్స్‌మిటర్ వైపు, గొట్టం బయటికి ఉండాలి. దాని చుట్టూ వేలెడు దూరంలో తీగలు, స్క్రూలు ఉండకూడదు. సర్వో, దీపాల తీగలు గొట్టం వెనకవైపు నుంచి పైకి వెళ్ళాలి. తర్వాత ఈ పరీక్ష చేయండి: ఎవరూ లేని గదిలో ట్రాన్స్‌మిటర్ నడుస్తుండగా, ప్రోగ్రాంతో ఆకును కింది నుంచి పైకి నాలుగైదుసార్లు తిప్పండి, సిగ్నల్ అంకె చూడండి. అంకె 1 డెసిబెల్‌కు మించి మారకూడదు. మారితే బోర్డును ఇంకా దించండి. తొమ్మిదింటికీ విడివిడిగా చేయండి, పక్క ఆకులు తిరుగుతుండగా కూడా చేయండి. ఒక పూట పడుతుంది. ఈ పరీక్ష దాటని అమరికను నేను ఎవరికీ చూపించను.

కరెంటు

డబ్ల్యూఎస్2812బీ దీపం పూర్తి తెలుపులో వెలిగితే 60 మిల్లీఆంపియర్ల దాకా తీసుకుంటుంది. కాడకు 9 దీపాలు, మొత్తం 81, అంటే దాదాపు 4.9 ఆంపియర్లు. చీకటి గదిలో మూడో వంతు వెలుగే ఎక్కువ, అయినా సప్లై పూర్తి లెక్కకే కొనండి. సర్వోలకు వేరే 5 వోల్టుల సప్లై పెట్టండి. ఒకే సప్లై అయితే తొమ్మిదీ ఒకేసారి కదిలినప్పుడు అవి గుంజే కరెంటుకు దీపాలు రెపరెపలాడతాయి, బోర్డులు రీసెట్ అవుతాయి. బోర్డులకు దీపాల సప్లై నుంచే ఇవ్వవచ్చు. రెండు సప్లైల గ్రౌండ్ తీగలు ఒకచోట కలపడం మరవకండి, లేకపోతే సర్వోలకు సంకేతం అందదు. మూడేసి కాడలకు ఒక ఫ్యూజు వేయండి. నేల మీద తీగలను పట్టీ కింద దాచండి, చీకట్లో జనం నడుస్తారు.

నిలబెట్టడం

ట్రాన్స్‌మిటర్‌ను నేలకు 120 సెంటీమీటర్ల ఎత్తున, ఛాతీ ఎత్తులో పెట్టండి. దాన్ని కేంద్రంగా చేసుకుని 4 మీటర్ల తాడుతో నేల మీద చాపం గీసి, దాని మీద 45 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కాడలు నిలబెట్టండి. అప్పుడు అన్ని కాడలకూ దూరం సమానం. 45 ఎందుకంటే మనిషి భుజాల వెడల్పు దాదాపు అంతే. కాడల దగ్గర నడిస్తే నీడ ఒకటి రెండు ఆకుల మీద పడుతుంది. ట్రాన్స్‌మిటర్ దగ్గరకు వెళితే సగం ఆకులు ఒక్కసారిగా వాలతాయి, దీపం దగ్గర చెయ్యి పెడితే గోడంతా నీడ పరుచుకున్నట్టు. జనం ఈ తేడాను ఎవరూ చెప్పకుండానే కనిపెడతారు, కనిపెట్టినప్పుడు వాళ్ళ ముఖం చూడాలి.

సిగ్నల్ వెళ్ళేది సన్నని గీత వెంట కాదు. పంపే చోటికీ వినే చోటికీ మధ్య, నడుమ లావుగా, కొసల్లో సన్నగా ఉండే ఒక కదురు ఆకారంలో వెళుతుందనుకోండి. 4 మీటర్ల దూరానికి దాని నడుము దగ్గర వ్యాసార్ధం 35 సెంటీమీటర్లు. అందుకే గది నడిమధ్యలో నిలబడితే నీడ అంచులు చెదిరినట్టుంటాయి, కాడకు దగ్గరైనకొద్దీ పదునెక్కుతాయి.

ట్రాన్స్‌మిటర్ శక్తిని 2 డీబీఎంకు తగ్గించండి, ఈఎస్‌పీ32లో అంతకంటే తగ్గదు. 4 మీటర్ల దూరానికి అది చాలు, మైనస్ 50 నుంచి 60 మధ్య అందుతుంది. శక్తి పెంచితే మంచిదనుకుంటారు గానీ, పెంచినందువల్ల నీడ లోతు పెరగదు. పైగా పక్కవారి వైఫైకి మన ప్యాకెట్లు ఇబ్బంది అవుతాయి. ఇది ఒంటికి హానా అని ఎవరైనా తప్పకుండా అడుగుతారు. 2 డీబీఎం అంటే దాదాపు 1.6 మిల్లీవాట్లు. ఐరోపాలో ఈ బ్యాండ్ వైఫైకి అనుమతించే గరిష్ఠ శక్తి 100 మిల్లీవాట్లు. ఈ రెండు అంకెలూ చెప్పండి, అడిగినవారు తామే పోల్చుకుంటారు.

ఛానల్ విషయానికొస్తే 1, 6, 11 ఒకదాని మీద ఒకటి పడవు. చుట్టుపక్కల రద్దీ తక్కువగా ఉన్నది ఎంచుకోండి. ప్యాకెట్ల వరుస సంఖ్యల్లో పదింటికి రెండు మూడు కంటే ఎక్కువ పోతుంటే మార్చండి. వినే బోర్డుల్లో వైఫై నిద్ర సదుపాయాన్ని తప్పనిసరిగా ఆపండి. ఆపకపోతే ప్యాకెట్లు గుంపులు గుంపులుగా తప్పిపోతాయి, ఆకు కుంటుతుంది.

అంకె నుంచి ఆకుకు

చివరికి అమరిక బాగుంటుందా ఉండదా అన్నది ఇక్కడే తేలుతుంది. ప్రోగ్రాం పెద్దది కాదు, కానీ ప్రతి అంకెనూ గదిలో నిలబడి సరిచూసుకోవాలి.

వచ్చిన చివరి 9 ప్యాకెట్ల బలాలను చిన్నవి ముందు, పెద్దవి తర్వాత పేర్చి, నడుమనున్న ఐదోదాన్ని తీసుకోండి. సగటు కంటే ఇది మేలు, ఎక్కడో ఒక్క ప్యాకెట్ అడ్డంగా వచ్చినా ఫలితం చెదరదు. సెకనుకు 40 చొప్పున 9 ప్యాకెట్లకు పావు సెకను కంటే తక్కువే పడుతుంది. ఇంకా నునుపు కావాలని 30, 40 ప్యాకెట్లు కలపకండి. నీడ పడటానికీ ఆకు కదలడానికీ మధ్య అర సెకను దాటిందంటే, ఇది తన వల్లే జరిగిందని మనిషికి తోచదు.

తర్వాత ప్రతి కాడకూ ఖాళీ గదిలో ఉండే అంకెను నిలకడ విలువగా పట్టుకోండి. ఆకు చూపేది బలాన్ని కాదు, ఈ నిలకడ విలువ నుంచి ఎంత మారిందన్నది. గోడల వల్ల పక్కపక్క కాడలకే 8, 10 డెసిబెల్‌ల తేడా ఉంటుందని మొదట్లోనే చూశారు కదా. నిలకడ విలువను ఒకటి రెండు నిమిషాల సగటుతో మెల్లగా సవరిస్తూ ఉండాలి, గది రోజంతా ఒకేలా ఉండదు. అయితే తేడా 2 డెసిబెల్‌లు దాటినప్పుడు ఆ సవరణ ఆపేయండి. ఆపకపోతే, ఎవరైనా రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే యంత్రం వారిని గోడలో భాగం అనుకుని మరిచిపోతుంది. ఎదురుగా మనిషి ఉండగానే ఆకు మెల్లగా లేచి నిలబడుతుంది. ఆ దృశ్యం చూస్తే నాకు మనసు చివుక్కుమంది. మరి ఎవరైనా కుర్చీ జరిపి వెళ్ళిపోతే? పది నిమిషాలపాటు అంకె ఏమాత్రం కదలకపోతే దాన్నే కొత్త నిలకడగా ఒప్పుకోండి. మనిషి ఎంత బిగుసుకుని నిలబడినా కాస్త ఊగుతాడు, కుర్చీ ఊగదు.

కోణం లెక్క నేను వాడేది ఇది. ఖాళీ గదిలో ఆకు నేలకు 60 డిగ్రీల వాలుతో పైకి చూస్తుంది. 2 డెసిబెల్‌ల లోపు మార్పుకు కదలదు. ఆపైన ఒక్కో డెసిబెల్ తగ్గినకొద్దీ 8 డిగ్రీలు వాలుతుంది, 12 తగ్గేసరికి అడ్డగీత కంటే 20 డిగ్రీలు కిందకు వేలాడుతుంది. సిగ్నల్ పెరిగితే 85 డిగ్రీల దాకా నిటారుగా లేస్తుంది. ఈ పైనున్న ఖాళీ వదలకపోతే సిగ్నల్ పెరిగిన సందర్భాలను దాచినట్టవుతుంది. డెసిబెల్ కొలతే లాగరిథమ్ కాబట్టి మళ్ళీ లాగరిథమ్ వేయకండి, నేరుగా గుణిస్తే చాలు. వెలుగుకు మాత్రం 2.2 ఘాతంతో గామా సవరణ, అంటే కంటికి తగ్గట్టు వెలుగును సరిచేసే లెక్క, వేయండి. వేయకపోతే కంటికి సగం వెలుగు, నిండు వెలుగు దాదాపు ఒకేలా కనిపిస్తాయి.

సర్వోను దాని వేగానికి వదిలేస్తే సెకనులో పదో వంతులో 60 డిగ్రీలు ఎగురుతుంది, ఆకు మొక్కలా ఉండదు, కీలుబొమ్మలా ఉంటుంది. వాలేటప్పుడు సెకనుకు 90 డిగ్రీలు, లేచేటప్పుడు 25 డిగ్రీలు మించనివ్వకండి. త్వరగా వాలితే కారణం తెలుస్తుంది, మెల్లగా లేస్తే మనిషి వెళ్ళిన దారి కొంతసేపు నిలుస్తుంది. ఇది కల్పన కాదా అని చాలా రోజులు ఆలోచించాను. ఆలస్యం చేయడం వేరు, లేనిది చూపడం వేరు అని సమాధానం చెప్పుకున్నాను. ఆకు చేరవలసిన చోటికి చేరాక సర్వోకు సంకేతం ఆపండి, ఆ సన్నని గుయ్‌మనే చప్పుడు పోతుంది. ఇంత తేలిక ఆకును గేర్లే పట్టి ఉంచుతాయి.

వెలుగు ఏ సందర్భంలోనూ సెకనుకు మూడుసార్లకు మించి మిణుకుమనకూడదు. వేగంగా మిణికే వెలుగు మూర్ఛ ఉన్న కొందరికి ప్రమాదం. పైన చెప్పిన వేగాల హద్దులు వెలుగుకు కూడా పెడితే ఆ భయం ఉండదు.

జనం ఫోన్ల సిగ్నల్‌ను కూడా చూపితే బాగుంటుందని మీకు తోచవచ్చు. బోర్డును చుట్టుపక్కల ప్యాకెట్లన్నీ వినేలా పెట్టవచ్చు. నేను మాత్రం మన ట్రాన్స్‌మిటర్‌కే కట్టుబడమంటాను. ఇతరుల ఫోన్లు వింటే వాటి నెట్‌వర్క్ చిరునామాలు మీ బోర్డులోకి వస్తాయి, అడగకుండా తీసుకున్నట్టవుతుంది. అయినా చేయాలనుకుంటే సెకనుకు ఎన్ని ప్యాకెట్లు వచ్చాయన్న లెక్క తప్ప ఏదీ నిల్వ చేయకండి, ఆ మాట గుమ్మం దగ్గర రాసిపెట్టండి.

జనం వచ్చే ముందు

ఖాళీ గదిలో పది నిమిషాలు కూర్చుని చూడండి. ఆకులు కదలకుండా ఉండాలి. ఏదైనా ఒకటి వణుకుతుంటే ఆ కాడను ఒక అరచేతి వెడల్పు అటో ఇటో జరపండి. బహుశా దాని యాంటెన్నా తరంగాలు రద్దయ్యే చోట పడింది. అక్కడ సిగ్నల్ బలహీనం కాబట్టి గాలికి తలుపు కదిలినా అంకె దూకుతుంది. హెర్ట్జ్ పద్ధతిలో బలమైన చోటు వెతికి పెడితే శాంతిస్తుంది.

ప్యాకెట్లు పూర్తిగా ఆగిపోతే ఆకు ఏం చేయాలో కూడా ప్రోగ్రాంలో రాయాలి. ఒక సెకను ఏమీ అందకపోతే మెల్లగా వాలి, ఆరిపోవాలి. చివరి అంకె దగ్గరే నిలిచిపోతే అది అబద్ధం.

ట్రాన్స్‌మిటర్‌ను గోడకు కాకుండా పవర్ బ్యాంకుకు తగిలించండి. కొన్ని పవర్ బ్యాంకులు తక్కువ కరెంటు వాడకం చూసి తమంతట తాము ఆగిపోతాయి, గంటసేపు నడిపి చూశాకే నమ్మండి. తీగ లేకపోతే వచ్చినవారు దాన్ని చేతిలోకి తీసుకోగలుగుతారు. పక్కన మూత ఉన్న ఒక స్టీలు డబ్బా పెట్టండి. పిల్లలెవరైనా ట్రాన్స్‌మిటర్‌ను అందులో పెట్టి మూత వేస్తారు. తొమ్మిది ఆకులూ ఒక్కసారిగా వాలతాయి. మూత కాస్త పక్కకు జరిగి సందు మిగిలితే కొంత సిగ్నల్ బయటికి వస్తుంది, ఒకటి రెండు ఆకులు సగం లేస్తాయి. అప్పుడు వాళ్ళు మూతను గట్టిగా నొక్కి, ఆకుల వైపు చూస్తారు.